ముప్పై ఏళ్ల బండి, అరవై ఏళ్ల చేతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బండిని రిటైరయ్యాక మళ్లీ బయటికి తీస్తున్నవాళ్లు రాసినవే. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవి ఈసారి తీసుకున్నాం. ఎండ, దుమ్ము, ఘాట్లు ఈ సీమలో బండికి రోజూ తప్పవు కాబట్టి వాటిని దృష్టిలో పెట్టుకునే జవాబులు రాశాం.

ప్రశ్న: నాది 1987 మోడల్ బుల్లెట్ 350. మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. ఆరేళ్లుగా వరండాలో పట్టా కింద ఉంది. ఇప్పుడు తీరిక దొరికింది. మెకానిక్‌ని పిలిచి కిక్కు కొట్టిద్దామనుకుంటున్నాను. ముందు ఏమేం చూసుకోవాలి?
– బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: కిక్కు అన్నిటికన్నా చివరి పని. ఆరేళ్లు కదలని ఇంజన్‌ని నేరుగా కొడితే సిలిండర్ గోడకు పట్టిన తుప్పు మీద పిస్టన్ రింగులు రాసుకుని గీతలు పడతాయి. ఆ గీతలు పోవాలంటే బోరింగే (సిలిండర్ లోపలి గోడ కోసి నున్నగా చేయించడమే) గతి.

మొదట ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి 10 మి.లీ. ఇంజనాయిలు సిరంజితో పోయండి. ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండిని సెంటర్ స్టాండు మీద ఎత్తి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే సగం గండం గడిచినట్టే. తిరగకపోతే బలప్రయోగం వద్దు. డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. అప్పటికీ కదలకపోతే హెడ్డు (సిలిండర్ పైమూత) దించాల్సిందే.

తర్వాత ఆయిలు. పాత బుల్లెట్ తెలిసినవాళ్లు కూడా పొరబడేది ఇక్కడే. ఈ ఇంజన్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా లేదు, క్రాంక్‌కేసు (ఇంజన్ కింది పెట్టె) వెనక భాగంలోనే ఒక గదిలా ఉంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ ఆయిలు పంపు సందుల్లోంచి కొద్దికొద్దిగా దిగి క్రాంకు తిరిగే గదిలో చేరుతుంది. డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) ముంచితే ఆయిలు అయిపోయినట్టు కనిపిస్తుంది. అది చూసి పైన ఇంకో లీటరు పోసేస్తారు. బండి స్టార్టయ్యీ కాగానే వీధంతా పొగ, బ్రీదర్ గొట్టంలోంచి ఆయిలు చిమ్మడం. ఇంజన్ పోయిందని బెంగ పెట్టుకుంటారు, నిజానికి ఆయిలు ఎక్కువైంది, అంతే. అందుకే కింది డ్రెయిన్ బోల్టులన్నీ విప్పి రెండు గదులూ ఖాళీ చేయండి. కొత్త ఫిల్టరు వేసి, 20డబ్ల్యూ-50 ఆయిలు రెండు లీటర్లు పోసి, ఆపైన డిప్‌స్టిక్ చూసుకుంటూ కొంచెం కొంచెం కలపండి. ప్లగ్గు బిగించకుండానే ఇరవై ముప్పై సార్లు కిక్కు నెమ్మదిగా తొక్కితే పంపు ఆయిలు అందుకుని పైకి లాగుతుంది.

ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే పారబోయండి. లోపల తుప్పు కనిపిస్తే గుప్పెడు చిన్న నట్లు, అర లీటరు కిరోసిన్ వేసి బాగా కుదిపి, రెండు మూడు సార్లు కడగండి. నట్లు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయండి. పెట్రోలు పైపు కొత్తది వేయండి. 24 మి.మీ. మిక్‌కార్బ్ కార్బొరేటర్ అయితే పైలట్ జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే సన్న రంధ్రం) తప్పకుండా జిగురు పట్టి మూసుకుపోయి ఉంటుంది. గుండుసూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. కరెంటు వైరులోని ఒక సన్నటి రాగి పోగుతో, పెట్రోలుతో శుభ్రం చేసి గాలి కొట్టండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. ఇంజన్ వేడెక్కాక అక్కడి నుంచి సర్దుకోవచ్చు.

పాయింట్లను (తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టులను) సన్న గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. కళ్లతో అంచనా వద్దు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) పెట్టండి. ప్లగ్గు సందు 0.5 నుంచి 0.6 మి.మీ. టాపెట్లు (వాల్వుల సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉండగా చూడాలి. పుష్‌రాడ్లు (వాల్వులను ఎత్తే కడ్డీలు) రెండూ వేళ్లతో తిప్పితే సాఫీగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. క్లచ్ పట్టుకుని కిక్కు తొక్కితే విడిపోతాయి.

ఇప్పుడు స్టార్టింగ్. స్విచ్ ఆన్ చేసి కిక్కు మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు చూడండి. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ ముల్లు డిశ్చార్జి వైపు వాలి ఉంటుంది. మధ్యకు వచ్చిన చోట ఆగండి, పిస్టన్ పైకి వచ్చినట్టు. డీకంప్రెసర్ (సిలిండర్లోని ఒత్తిడి వదిలే లీవరు) పట్టి కిక్కును ఇంకొంచెం కిందికి జరిపి, వదిలేసి, కిక్కు పూర్తిగా పైకి వచ్చాక ఒకే ఊపున చివరిదాకా తొక్కండి. సగం తొక్కి ఆగితేనే కిక్కు ఎదురు కొడుతుంది. సరిగా తొక్కినా ఎదురు కొడుతుంటే టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ) ముందుకు జరిగిందన్నమాట. అది సరిచేసేదాకా ఇంకో కిక్కు కొట్టకండి. చెప్పులతో అసలే వద్దు. మడమ చిట్లితే ఈ వయసులో అతుక్కోవడానికి చాలాకాలం పడుతుంది.

టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైనది. అరుగుదల లేకపోయినా మీ టైర్లూ ట్యూబులూ రెండు జతలూ మార్చేయండి. సీమ ఎండకు రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లు గాలి కొట్టి బరువు వేశాకే బయటపడతాయి. బ్రేకు లైనింగు అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దండి, బ్రేకు కేబుల్ మాత్రం కొత్తదే వేయండి. మొదటి 50 కి.మీ. తిరిగాక ఆయిలు మళ్లీ మార్చాలి. ఆరేళ్ల మడ్డి అంతా అప్పుడే దిగుతుంది.

ప్రశ్న: నాకు 61. లైసెన్స్ గడువు ఎనిమిది నెలల కిందట తీరింది. బండి ఆర్‌సీ కూడా అంతే. రెండింటికీ ఏం చేయాలి?
– నంద్యాల పాఠకుడు

జవాబు: లైసెన్స్ తీరిన ఏడాదిలోపు అయితే డ్రైవింగ్ పరీక్ష లేకుండా రెన్యువల్ అవుతుంది, ఏడాది దాటితే మళ్లీ పరీక్ష పెడతారు. మీకు నాలుగు నెలలే మిగిలాయి. 40 దాటినవారికి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి. 55 దాటాక చేసిన రెన్యువల్ 5 ఏళ్లకే వస్తుంది. ఆర్‌సీ 15 ఏళ్లు దాటాక 5 ఏళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి. బండిని తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి, ఛాసిస్ నంబరు కనిపించేలా ముందే తుడిచి ఉంచుకోండి. ఆలస్యమైన కొద్దీ అదనపు రుసుము పెరుగుతుంది. పాత బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలకోసారి. ఈ లోపు బండి రోడ్డెక్కించకండి. గడువు తీరిన లైసెన్స్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయవచ్చు, నష్టపరిహారం మీ పెన్షన్‌లోంచి కట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: సార్, తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తా. నా డబ్బుతో కొన్న మొదటి బండి, 2012 స్ప్లెండర్, సెకండ్‌హ్యాండ్. లీటరుకు 60 వచ్చేది, ఇప్పుడు 42కి పడింది. పికప్ లేదు. మెకానిక్ బోరు చేయాలంటాండు. నిజంగా అంతపని ఉందా?
– తాడిపత్రి యువకుడు

జవాబు: బోరు మాట ఒక వారం పక్కన పెట్టు తమ్ముడూ. నువ్వు చెప్పిన లక్షణాలకు ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ని. రాతి పొడి పిండిలా మెత్తగా ఉంటుంది, రోడ్డు దుమ్ముకన్నా త్వరగా ఫిల్టర్‌ని మూసేస్తుంది. గాలి తగ్గితే పెట్రోలు పాళ్లు ఎక్కువై మైలేజీ పడుతుంది, ప్లగ్గు మసిబారుతుంది.

ఫిల్టర్ స్పాంజిది అయితే కిరోసిన్‌లో పిండి, సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, ఇంజనాయిల్లో ముంచి గట్టిగా పిండి వేసుకో. కాగితపు మడతలది అయితే కడగొద్దు, గాలి కూడా కొట్టించొద్దు. కాగితం చిరిగితే రాతి పొడి నేరుగా సిలిండర్లోకి పోతుంది, అప్పుడు మెకానిక్ మాటే నిజమవుతుంది. కొత్తది వేయడమే. మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చు. డ్యూటీలో బండిని పాలిష్ షెడ్డు లోపల కాకుండా గాలి వచ్చే దిక్కున, దూరంగా పెట్టు.

ఆ తర్వాత చక్రాలు. బండిని స్టాండు మీద ఎత్తి న్యూట్రల్‌లో వెనక చక్రం తిప్పు. రెండు మూడు చుట్లు దానంతటదే తిరగకపోతే బ్రేకు పట్టేస్తోంది. డ్రమ్ము విప్పి పొడి దులిపి, బ్రేకు క్యామ్‌కు చిటికెడు గ్రీజు రాస్తే చాలు. చైను కవరు లోపల ఉన్నా పొడి చేరుతుంది. నూనెతో కలిస్తే అదే సాన పట్టే ముద్ద. నెలకోసారి కిరోసిన్, బ్రష్షుతో కడిగి, 90 నంబరు గేరాయిలు రాసి, పైన మిగిలింది తుడిచేయి. మధ్యలో వేలితో ఎత్తితే 20 నుంచి 30 మి.మీ. ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు, బిగువు ఎక్కువగా ఉన్న చోట కొలిచిందే లెక్క. స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొక్కెంలా వంగి ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. కొత్త చైనును పాత పళ్లు కొద్ది నెలల్లోనే తినేస్తాయి.

ఇంజనాయిలు 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిలు గుర్తు) అని ఉన్నది 900 మి.లీ. కారుకు వాడేది పోయొద్దు, అందులోని జారుడు మందుల వల్ల క్లచ్ జారుతుంది. మీ దుమ్ములో 3,000 కి.మీ.కే మార్చు. టైర్లలో గాలి ముందు 25, వెనక ఒక్కడివే అయితే 28, ఇద్దరైతే 41 పీఎస్‌ఐ. పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొట్టించు. ఎండాకాలం గాలి తగ్గించాలన్న మాట నమ్మకు. గాలి తగ్గితే టైరు ఎక్కువగా నలిగి ఇంకా వేడెక్కుతుంది.

ఇవన్నీ చేశాక కూడా పొద్దున స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇస్తే నీలం పొగ వస్తోందా, వెయ్యి కిలోమీటర్లకు ఆయిలు 200 మి.లీ. కన్నా ఎక్కువ తగ్గుతోందా చూడు. రెండూ ఉంటే రింగులు, బోరు చూపించు. బండి ఇంకా పాత ఓనరు పేరునే ఉంటే పేరు మార్పుకు ఫారం 29, 30 ఇద్దరూ సంతకాలు చేసి ఇవ్వాలి. ఫైనాన్స్ బండి అయితే ఫారం 35 (అప్పు తీరిందన్న పత్రం), ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ తీసుకోకుండా వదలకు.

ప్రశ్న: వయసు 64. మోకాళ్ల నొప్పులు. నెలకు రెండుసార్లు రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ మీదుగా బుల్లెట్‌లోనే వెళతా. దిగేటప్పుడు వెనక బ్రేకు పట్టు వదిలేస్తోంది. బండి మార్చేయమంటున్నారు ఇంట్లో.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయచోటి

జవాబు: మాస్టారూ, ముందు బ్రేకు సంగతి. దిగుడంతా పాదం బ్రేకు మీదే ఉంచితే డ్రమ్ము వేడెక్కి లైనింగు పట్టు కోల్పోతుంది. ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు: మలుపుల్లో రెండు, తిన్నగా ఉన్నచోట మూడు. థ్రాటిల్ మూసి ఇంజన్‌తోనే వేగాన్ని ఆపండి. బ్రేకులు రెండూ కలిపి, కొద్దిసేపు గట్టిగా పట్టి వదిలేయండి. క్లచ్ పట్టి జారనివ్వడం, పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపేయడం ప్రాణం మీదికి తెస్తాయి. ముందు డిస్కు ఉంటే బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి డాట్ 4 రకానిది మార్పించండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి మరిగి లీవరు మెత్తబడుతుంది. ఆ ఘాట్‌లో బరువు లారీలకూ ఇదే బ్రేకు సమస్య ఉంటుంది, కాబట్టి దిగుడులో లారీకి ముందు ఎక్కువసేపు ఉండకండి. దారిచ్చి, కోవా అంగళ్ల దగ్గర ఐదు నిమిషాలు ఆగితే నష్టం లేదు.

బండి మార్చాలా అంటే, నడిపేటప్పటి కష్టాన్ని బట్టి కాకుండా ఆపి తోసేటప్పటి కష్టాన్ని బట్టి తేల్చుకోండి. ఇప్పటి 350 బుల్లెట్ సుమారు 195 కిలోలు, హంటర్ 350 సుమారు 181, స్ప్లెండర్ 112. బండిని న్యూట్రల్‌లో పెట్టి, దిగి, మీ ఇంటి ముందు పది అడుగులు వెనక్కి తోయండి. మోకాలు సహకరించకపోతే తేలిక బండికి మారడమే మంచిది. సహకరిస్తే సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదానికి మారి కిక్కు మానేయండి, చాలు. సెంటర్ స్టాండు చేతుల బలంతో ఎత్తకండి. స్టాండు రెండు కాళ్లూ నేలకు ఆనాక, కుడి పాదంతో దాని మీద ఒంటి బరువంతా వేస్తే బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది. పల్లంలో గోడకు ఎదురుగా ఎప్పుడూ పార్క్ చేయకండి, వెనక్కి లాగేటప్పుడే చాలామంది నడుము పట్టేసుకుంటుంది.

ప్రశ్న: మైసూరులో తయారైన యెజ్డీ 250 ఇంకా వాడుతున్నా. ఈమధ్య తెల్లపొగ విపరీతం. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు వల్లనా? ఆయిలు ఎంత కలపాలి?
– హిందూపురం పాఠకుడు

జవాబు: మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, అంటే మీ బండి సీళ్ల (ఆయిలు, గాలి దూరకుండా ఆపే రబ్బర్ల) వయసు కూడా అంతే కావచ్చు. పొగకు కారణం చాలావరకు అక్కడే ఉంటుంది. క్లచ్ వైపు క్రాంక్ సీలు గట్టిపడి సందిస్తే, ఇంజన్ గేరాయిల్‌ని లోపలికి లాక్కుని కాలుస్తుంది. గేర్‌బాక్సు ఆయిలు లెవెల్ గుర్తు పెట్టుకుని 200 కి.మీ. తర్వాత చూడండి. బయట కారకుండానే తగ్గితే సీలు మార్చాల్సిందే. పాయింట్ల వైపు సీలు పోతే దీనికి తిరగబడి ఉంటుంది: పొగ ఉండదు, గాలి దూరి ఐడ్లింగ్ దానంతటదే పెరుగుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, ఒక మధ్యాహ్నం పిస్టన్ పట్టేస్తుంది. ఇదే ఎక్కువ ప్రమాదం.

లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూ-టీ (రెండు స్ట్రోకుల బండి) ఆయిలు, అంటే 5 లీటర్లకు 200. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ రకం కొనండి, మసి తక్కువ. ట్యాంకులో విడివిడిగా పోయకండి. డబ్బాలో సగం పెట్రోలు, అందులో ఆయిలు, కుదిపి, మిగతా పెట్రోలు, మళ్లీ కుదిపి పోయండి. రాత్రి ఆపేముందు ట్యాప్ మూసి, కార్బొరేటర్లో ఉన్నది కాలిపోనివ్వండి. లేకపోతే పెట్రోలు ఆవిరై ఆయిలు మాత్రం అడుగున మిగిలి, పొద్దున పొగే పొగ. సైలెన్సర్ల లోపలి బ్యాఫుల్స్ (శబ్దం తగ్గించే గొట్టాలు) ఏటా తీసి మసి కాల్చి గీకండి. ఎగ్జాస్ట్ పోర్టును కర్ర ముక్కతో గీకాలి, స్క్రూడ్రైవర్ పెట్టొద్దు.

20 శాతం ఇథనాల్ పొగ తేదు, కానీ ఈ ఇంజన్‌కి వేరే కీడు చేస్తుంది. అదే జెట్‌లో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. కార్బొరేటర్లో నీడిల్ (పెట్రోలు పాళ్లు సర్దే సూది) క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ప్లగ్గు కాల్చిన ఇటుక రంగులో ఉండాలి. పాత రబ్బరు పైపులు, వాషర్లు మార్చేయండి. పెట్రోలు నెలకన్నా ఎక్కువ ట్యాంకులో నిల్వ ఉంచకండి, ఇథనాల్ గాలిలోని తడిని పీల్చి అడుగున తుప్పు పట్టిస్తుంది.

ఇంకొక మాట. ఘాట్‌లో ఇంజన్‌తోనే ఆపమని రాయచోటి మాస్టారుకు చెప్పింది నాలుగు స్ట్రోకుల బండికి. మీ బండిలో ఆయిలు పెట్రోలుతోనే లోపలికి వెళ్లాలి. థ్రాటిల్ మూసి పొడుగు దిగుడు దిగితే సిలిండర్‌కు ఆయిలు అందదు. అప్పుడప్పుడు క్లచ్ పట్టి కొంచెం రేస్ ఇస్తూ, బ్రేకులు మారుస్తూ దిగండి.

ప్రశ్న: రిటైరైన నలుగురం. బెలుం గుహలు, గండికోట, యాగంటి, శ్రీశైలం బైకుల మీద చుట్టి రావాలని. సలహా?
– అనంతపురం మిత్రబృందం

జవాబు: నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. రోజుకు 150 కి.మీ. మించొద్దు. తెల్లవారుజామున బయలుదేరి పదకొండుకు ఆగిపోండి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కి.మీ. అడవి దారి, పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు మూసేస్తారు, కాబట్టి చీకటి పడకముందే దాటేలా చూసుకోండి. దారిలో పెట్రోలు దొరుకుతుందన్న ధీమా వద్దు, దోర్నాలలోనే నింపుకోండి. కొత్త క్లచ్ కేబుల్‌ని పాతదాని పక్కనే ట్యాగులతో కట్టి ఉంచితే, తెగినచోటే పది నిమిషాల్లో మారుతుంది. ట్యూబు, టైరు లీవర్లు రెండు, ప్లగ్గు, చైను లింకు, బల్బు, ఫ్యూజులు నలుగురికీ కలిపి ఒక సంచిలో చాలు. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవారు ప్రయాణం రోజు ఆ మాత్ర వేళ గురించి డాక్టరునే అడగండి. మానేయడం మాత్రం చేయొద్దు.

ప్రశ్న: మా నాయనకు 72. నలభై ఏళ్లుగా అదే బండి. వద్దంటే అన్నం తినడం మానేస్తాడు. ఎలా చెప్పాలి?
– ఒక కూతురు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, వయసు చూపి వద్దనకండి. ఆయనకు తెలిసిన భాషలో, బండి మీదే అడగండి. ఖాళీ స్థలంలో నడక వేగంతో, కాలు ఆనించకుండా ఎనిమిది అంకె తిప్పమనండి. క్లచ్ పూర్తిగా పట్టి ఒక నిమిషం అలాగే ఉంచమనండి. కూర్చున్నచోటే మెడ తిప్పి వెనక ఏ రంగు బండి ఉందో చెప్పమనండి. ఈ మూడూ చేయగలిగితే పగలు, ఊళ్లో, తలకు హెల్మెట్ పెట్టుకుని నడపనివ్వండి. కంటి శుక్లాలకు ఆపరేషన్ కాకపోతే రాత్రి మానిపించండి, ఎదుటి లైటుకు రోడ్డు కనిపించదు. మూడింట్లో ఏది తప్పినా ఆ తప్పు ఆయనకే తెలుస్తుంది. నలభై ఏళ్లు నడిపిన మనిషి దాన్ని మీకన్నా ముందే గుర్తిస్తాడు. అప్పుడు తేలిక బండి మాట ఎత్తండి.

పాత బండిని మాత్రం అమ్మకండి, ఆయన చేతే భద్రపరిపించండి. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేయడం చాలా ఇళ్లలో చేసే పని, దానివల్ల నష్టమే ఎక్కువ. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపితే సైలెన్సర్లో, ఆయిల్లో నీరు చేరి మిగిలిపోతుంది. నడిపితే పది కిలోమీటర్లయినా నడపాలి, లేదంటే కదపకుండా ఉంచాలి. ఉంచేటట్టయితే ఆయిలు కొత్తది పోసి, ట్యాంకు ఖాళీ చేసి లోపల గోడలకు ఆయిలు అంటేలా తిప్పి, కార్బొరేటర్ బౌల్ డ్రెయిన్ చేయమనండి. ప్లగ్గు రంధ్రంలో 10 మి.లీ. ఆయిలు పోసి, పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైన నిలపమనండి. అప్పుడు వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ దూరదు. బ్యాటరీ విప్పి నెలకోసారి ఛార్జి పెట్టించాలి. చక్రాలు నేలకు ఆనకుండా దిమ్మల మీద నిలపాలి. సైలెన్సర్ మూతికి గుడ్డ కట్టాలి, లేకపోతే కందిరీగలు గూడు పెడతాయి. పైన ప్లాస్టిక్ పట్టా కాకుండా పాత నూలు దుప్పటి కప్పండి, ఆయన పాత లుంగీ అయినా సరే.